గెలిచాక చేయాల్సిన పని

ప్రియమైన పిల్లలకు,

ఒకే ఏడాది మన ఇంట్లో ఇద్దరు లీడర్లు! ఒకరు స్కూల్ లీడర్, ఇంకొకరు యూనివర్సిటీ విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలు. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. "ఇప్పుడేం చెయ్యాలి తాతయ్యా?" అని ఇద్దరూ అడిగారు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాడే లీడరని చిన్న క్లాసుల్లోనే మనసులో పడిపోతుంది. అది టీచర్ అప్పగించిన పని. మీకు ఓట్లేసింది మాత్రం తోటి విద్యార్థులు. వాళ్ళ మాటను ఆఫీసు గదిదాకా తీసుకెళ్ళాలి, అక్కడి జవాబును మళ్ళీ వాళ్ళ దగ్గరికి తేవాలి. వెళ్ళేటప్పుడు అందరికీ హుషారుగానే ఉంటుంది. జవాబుతో తిరిగొచ్చేవాళ్ళే తక్కువ.

ఇది నిన్నమొన్నటి పద్ధతి కాదు. ఇటలీలోని బొలోన్యా యూనివర్సిటీలో మధ్యయుగాల్లో విద్యార్థులే సంఘం కట్టుకుని, తమలో ఒకరిని రెక్టర్‌గా, అంటే సంఘానికి పెద్దగా, ఎన్నుకునేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన అధ్యాపకుడికి జరిమానా పడేది. అంత పెత్తనం మంచిదని నేననను. 1918లో అర్జెంటీనాలోని కోర్డోబాలో విద్యార్థులు సమ్మెకు దిగి, యూనివర్సిటీ పాలనలో తమకూ చోటు కావాలని పట్టుబట్టారు. ఆ ఉద్యమం లాటిన్ అమెరికాలోని మిగతా దేశాలకూ పాకింది. ఇక స్కూలు పిల్లల సంగతి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణ వాళ్ళ కోసమే ఉంది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పొచ్చు, వయసునూ పరిణతినీ బట్టి పెద్దలు దానికి విలువివ్వాలి అని అందులో ఉంది. అడిగినదల్లా ఇచ్చెయ్యాలని మాత్రం లేదు. ఈ సంగతి గుర్తుంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. "లైబ్రరీ తొందరగా మూసేస్తున్నారు" అని పదిమంది మీ దగ్గరికొచ్చి గొడవ చేశారనుకోండి. అదే మాట ప్రిన్సిపాల్‌కి చెబితే ఆయన "చూద్దాం" అంటారు, అక్కడితో సరి. అలా కాకుండా ముందు మీరే వెళ్ళి చూడండి. ఆఖరి క్లాసు 4:45కి అయిపోతుంది, లైబ్రరీ 5కి మూస్తారు. పుస్తకం వెతుక్కునేలోపే లైట్లు ఆర్పేస్తున్నారు. తర్వాత లైబ్రేరియన్ గారితో కూర్చోండి. ఆవిడ ఒక్కరే ఉంటే, ఇంకో రెండు గంటలు ఎవరుంటారు? ఆవిడకి ఆ వేళ ఏం ఇబ్బంది? ఇవన్నీ తెలుసుకున్నాక ఒక పేజీలో అర్జీ రాయండి: "రోజూ 7 దాకా తెరవండి. కుదరకపోతే పరీక్షల నెలలోనైనా తెరవండి." ఇలాంటి కాగితాన్ని పక్కన పెట్టెయ్యడం ఎవరికైనా కష్టమే. ఇచ్చిన తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఆఖరికి "కుదరదు" అనే జవాబు వచ్చిందనుకుందాం. అప్పుడే చాలామంది లీడర్లు ముఖం చాటేస్తారు. మీరు అలా చెయ్యకండి. ఏం అడిగారో, ఎందుకు కాదన్నారో, మళ్ళీ ఎప్పుడు అడుగుతారో నోటీసు బోర్డు మీద పెట్టండి. పని కాలేదన్న కోపం నాలుగు రోజుల్లో పోతుంది. అసలేమైందో ఎవరూ చెప్పలేదన్న కోపం మాత్రం పోదు. మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు "ఎవరికి వేస్తే ఏముంది" అనే మాట పుట్టేది అక్కడే.

ఇంకో సంగతి. మీ చుట్టూ చేరేవాళ్ళు ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాళ్ళే. వెనక బెంచీలో నోరు విప్పని అమ్మాయి, కొత్తగా చేరి భాష సరిగ్గా రాని అబ్బాయి, చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి, వీళ్ళెవరూ మీటింగులో చెయ్యెత్తరు. మీరే వెళ్ళి అడగాలి. మీకు ఓటెయ్యనివాళ్ళనీ అడగాలి, ఎందుకంటే ఇప్పుడు వాళ్ళకీ మీరే లీడర్.

డబ్బు విషయంలో నేను చెప్పేది ఒక్కటే. వేడుకలకు వసూలు చేసిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి, లెక్క ఇద్దరు చూడాలి, అందరికీ కనిపించేలా అతికించాలి.

ఎవరైనా ఏడుస్తూ వచ్చి, తమని ఎవరో వేధిస్తున్నారని చెబితే మాత్రం పద్ధతి వేరు. అది మీటింగులో పెట్టే విషయం కాదు, స్నేహితులతో చెప్పుకునేదీ కాదు. మీరే తీర్పు చెప్పబోకండి. వాళ్ళ మాట పూర్తిగా విని, నమ్మకమున్న టీచర్ దగ్గరికో, విద్యార్థుల బాధలు విని సలహా చెప్పే కౌన్సెలర్ దగ్గరికో తోడు వెళ్ళండి. "ఎవరికీ చెప్పనని మాటివ్వు" అని ముందే అడిగితే ఆ మాట ఇవ్వకండి. ప్రమాదం ఉన్నప్పుడు పెద్దవాళ్ళకి తెలియాల్సిందే.

పెద్దమ్మాయీ, ఇది నీకు. పాలక మండలిలో అంతమంది పెద్దవాళ్ళ మధ్య నువ్వొక్కదానివే విద్యార్థివి కావచ్చు. ఫీజుల కాగితాలు ముందురోజే చదువుకుని వెళ్ళు. అంకెలు తెలిసిన మనిషి నెమ్మదిగా మాట్లాడినా గదంతా వింటుంది.

ఇద్దరూ ఇవాళే ఒక ఫైలు మొదలుపెట్టండి. ఏ అర్జీ ఎవరి బల్ల మీద ఆగిందో, ఎవరు ఏం మాటిచ్చారో అందులో రాస్తూ ఉండండి. పదవి అయిపోయే నెలలో, మీ తర్వాత గెలిచినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కాగితం చూపించి అప్పగించండి. గెలిచింది మీ మీద పోటీ చేసినవాళ్ళ జట్టే అయినా సరే.

ప్రేమతో,
మీ తాతయ్య