పాత కారు ఉంచుకోవాలా, కటింగ్‌కి ఇవ్వాలా? మా షెడ్డులో వినే అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న షెడ్డు. పాతికేళ్ళుగా ఎక్కువగా మారుతీ బండ్లే చూస్తున్నాను. ఈమధ్య నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే మాట మీద వస్తున్నారు: "మేస్త్రీ, దీన్ని ఉంచమంటావా, కటింగ్‌కి ఇచ్చేయమంటావా?" కటింగ్ అంటే బండిని విప్పి పార్టులుగా, తుక్కుగా అమ్మేయడం.

పోయిన నెల ఒక రిటైర్డ్ మేష్టారు 2003 నాటి మారుతీ ఎస్టీమ్ తెచ్చారు. వెంట వాళ్ళబ్బాయి. పార్టులు విడివిడిగా అమ్మితే లక్ష వస్తుందని అబ్బాయి లెక్క. మేష్టారికేమో బండి మీద మమకారం. ఇద్దరూ బానెట్ ఎత్తి ఇంజిన్ చూపిస్తున్నారు. నేను అట్టముక్క పరుచుకుని కారు కిందకి దూరాను.

అపోహ: ఇంజిన్ బాగుంటే బండి బాగున్నట్టే

కాదండీ. ఇంజిన్ విప్పొచ్చు, రీబోర్ (అరిగిన సిలిండర్లని తొలిచి సరిచేయడం) చేయించొచ్చు, అసలు ఇంజినే మార్చొచ్చు. ఎస్టీమ్‌లో ఉన్న 1.3 లీటర్ ఇంజిన్ జాతే మారుతీ జిప్సీ కింగ్‌లోనూ వెర్సాలోనూ ఉండేది. ఎస్టీమ్ 2007లో ఆగిపోయినా జిప్సీ 2019 దాకా వచ్చింది కాబట్టి ఇంజిన్ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. దొరకనిది బాడీ. ఇలాంటి కార్లకి లారీలకున్నట్టు కింద వేరే ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద పొడవునా ఉండే బాక్సు రేకు, ముందు షాకబ్జార్బర్లు బిగించే అప్రాన్లు, ఇవే బరువంతా మోస్తాయి. ఇవి తుప్పు తింటే పైన ఎంత పెయింటు వేసినా లాభం లేదు.

చూడటం పెద్ద విద్యేమీ కాదు. స్క్రూడ్రైవర్ పిడితో తలుపుల కింద రేకుని వరసగా తట్టుకుంటూ పోండి. గట్టి రేకు టంగుమంటుంది. తుప్పు తిన్నచోట దబ్బుమని మొద్దు చప్పుడు వస్తుంది, లోపల్నుంచి పెచ్చులు రాలుతున్న గలగల వినపడుతుంది. అక్కడ మొనతో నొక్కితే దిగిపోతుందంటే పని ముదిరినట్టే. ఇక లప్పం, అంటే సొట్టలు పూడ్చే పుట్టీ సంగతి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని మధ్యలో పల్చటి గుడ్డ పెట్టి బాడీ అంతా పాకించండి. రేకు మీద పట్టు వదిలేసిన చోట లప్పం మందంగా పెట్టినట్టే. బందరు, కాకినాడ, విశాఖ వైపు తిరిగిన బండ్లయితే నేను రెండుసార్లు తట్టి చూస్తాను. ఉప్పుగాలి మహా చెడ్డది.

మేష్టారి బండిలో బాక్సు రేకులు గట్టిగా ఉన్నాయి, అప్రాన్లు కూడా. ఎడమవైపు ముందు సీటు దగ్గర రబ్బరు మ్యాట్ ఎత్తితే మాత్రం కింద జూట్ తడిసి ముద్దయి ఉంది, రేకుకి అరచేయంత చిల్లు. ఏసీ నీళ్ళు బయటికి పోయే సన్న పైపు మట్టితో మూసుకుపోయి, ఆ నీరంతా ఏళ్ళ తరబడి లోపలికే కారింది. ఇనుప తీగతో ఆ పైపు పొడిచి ఉంటే పోయేదానికి ఇప్పుడు రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. అయినా ఇది బాగుపడే జబ్బే.

అపోహ: పొగ వస్తోందంటే ఇంజిన్ అయిపోయినట్టే

ఏ రంగు పొగ, ఎప్పుడొస్తోంది అన్నది చూడాలి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ గుప్పున వచ్చి రెండు నిమిషాల్లో ఆగిపోతే చాలాసార్లు వాల్వ్ సీళ్ళ పనే. రబ్బరు గట్టిపడి, రాత్రంతా ఆయిల్ కిందకి జారుతుంది. ఖర్చు పెద్దగా అవదు. పరుగులో ఉన్నంతసేపూ నీలం పొగే వస్తూ, ఆయిల్ మూత తీస్తే బుసబుసా గాలి తన్నుతుంటే అప్పుడు పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగినట్టు. నల్ల పొగ పెట్రోలు ఎక్కువ తాగుతోందనడానికి గుర్తు. తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతూ, ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటిది కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానపడండి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్‌కి అరగంట పడుతుంది. అది చేయకుండా "ఇంజిన్ పోయింది" అని తేల్చే మెకానిక్‌ని నమ్మకండి, వాడు నేనైనా సరే.

అపోహ: 15 ఏళ్ళు దాటితే బండి తుక్కు కిందే లెక్క

ఢిల్లీ వార్తలు ఇక్కడికి తెచ్చి టెన్షన్ పడుతున్నారు. పదేళ్ళ డీజిల్, 15 ఏళ్ళ పెట్రోల్ బండ్ల గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. మన రెండు రాష్ట్రాల్లో సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటితే రెన్యువల్ ఆపేసింది ప్రభుత్వ వాహనాలకే.

కాకపోతే ఖర్చు పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన కారుకి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యం చేస్తే దానికీ కట్టాలి. మేష్టారిది 2018లో ఒకసారి, 2023లో ఒకసారి అయింది, ఇదే రేటు ఉంటే 2028లో పదివేలు సిద్ధం చేసుకోవాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి మాత్రం బండి వయసుతో పనిలేదు. దాని ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది. 1000 నుంచి 1500 సీసీ కారుకి 2022లో పెట్టిన రేటు 3,416, జీఎస్టీ కాక.

అపోహ: రిపేరు ఖర్చు బండి రేటుని మించితే దండగ

అమ్మేవాడికి ఆ లెక్క సరే. వాడుకునేవాడు వేయాల్సింది ఇంకో లెక్క: ఈ బండి పోతే దాని బదులు ఏది కొంటారు, దానికి ఎంత పెడతారు? అరవై వేలు పలికే కారుకి డెబ్భై వేలు ఖర్చు అనగానే గుండె గుభేలుమంటుంది. దాని బదులు మూడు లక్షలు పెట్టి కొనే సెకండ్‌హ్యాండ్ కారుకి వెంటనే టైర్లు, బ్యాటరీ, క్లచ్ అంటే అప్పుడేం చేస్తారు? అది ఎవరి చేతిలో ఎలా తిరిగిందో కూడా తెలియదాయె. మీ బండి జాతకం మీకు తెలుసు. కానీ ఆ డెబ్భై వేలూ తుప్పు రేకుల మీద పోసేవైతే నేనే వద్దంటాను. వర్షాకాలం రెండు గడిచేసరికి పక్కన ఇంకోచోట తేలుతుంది.

అపోహ: విడివిడిగా అమ్మితే లక్షలొస్తాయి

ఫోన్లో పార్టు పక్కన కనపడే రేటు అమ్మేవాడు అడిగే రేటు. కొన్నది ఎంతకో ఎవరూ రాయరు.

నడుస్తున్న ఎస్టీమ్ విప్పితే ముందు వారంలో ఇంజిన్, గేర్‌బాక్స్ పోతాయి. ఇంజిన్ కోసం జిప్సీ వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. తర్వాత ఈసీఎమ్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఆల్టర్నేటర్, హెడ్‌లైట్లు, పగలని ముందు అద్దం, సొట్టలేని తలుపులు. అక్కడితో వేడి చల్లారుతుంది. సీట్లు, డ్యాష్‌బోర్డు, బంపర్లు, వెనక డిక్కీ డోరు మూలన పడి దుమ్ము తింటాయి. ఇలాంటివి మా షెడ్డు అటక మీద ఎన్నేళ్ళుగా ఉన్నాయో నాకే గుర్తులేదు. చివరికి మిగిలిన ఖాళీ బాడీ కిలోల లెక్కన పోతుంది. మొత్తం కారే 900 కిలోల లోపు, అందులో బరువైనవన్నీ తీసేశాక ఇంకేం తూగుతుంది?

జనం ఎక్కువ మోసపోయేది సైలెన్సర్ దగ్గర. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు కొట్టే) బండ్లలో ఎగ్జాస్ట్ పైపు మీద పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. దానిలో ప్లాటినం, పల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. "తుప్పు పైపేలే సార్" అని ఇనుము రేటుకే పట్టుకుపోతారు. అది విడిగా తీయించి, ఇద్దరు ముగ్గురి దగ్గర రేటు అడగండి. బ్యాటరీ కూడా అంతే, సీసానికి ఎప్పుడూ గిరాకీయే.

బ్రేక్ హోస్‌లు, సీటు బెల్టులు, టైమింగ్ బెల్ట్ పాతవి నేను అమ్మను, కొనను. ఏసీ గ్యాస్ గాల్లోకి, ఇంజిన్ ఆయిల్ కాలవలోకి వదిలేవాళ్ళకి బండి ఇవ్వకండి.

ఓపిక, జాగా లేనివాళ్ళకి నేను చెప్పేది రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రం. 2021 నిబంధనలతో ఇవి వచ్చాయి. బండి తీసుకుని డబ్బుతో పాటు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దానితో కొత్త కారుకి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. రోడ్డు ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది, ఎంత ఇచ్చేదీ రాష్ట్రాన్ని బట్టి. కొత్త కారు కొనే ఉద్దేశం ఉంటే పార్టులమ్మి వచ్చేదానికన్నా ఇదే మేలు కావచ్చు, రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోండి.

అపోహ: తిప్పకుండా షెడ్డులో ఉంచితే పాడవదు

ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి, హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే బ్రేకులు పట్టేస్తాయి, ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుని ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం ఇంకా చెడ్డపని. సైలెన్సర్‌లో తేమ ఆరదు, బ్యాటరీ నిండదు. నడిపితే 15 కిలోమీటర్లైనా నడపండి.

అపోహ: కొన్నేళ్ళాగితే వింటేజ్ రేటు వస్తుంది

వింటేజ్ అనాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. మేష్టారి ఎస్టీమ్‌కి 2053. మేష్టారు పకపకా నవ్వారు.

అపోహ: బండే లేనప్పుడు ఆర్‌సీతో పనేముంది

నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను. నా సొంత మారుతీ విప్పి అమ్మాను, బంపర్లు నంబరు ప్లేట్లతో సహా ఎవరో పట్టుకుపోయారు. ఏడాది తర్వాత నేనెప్పుడూ వెళ్ళని ఊళ్ళో హెల్మెట్ లేదంటూ నా పేరున చలానా. కారుకి హెల్మెట్ ఏమిటా అని చూస్తే ఫోటోలో బైక్, వెనక నా కారు ప్లేటు! స్టేషన్, ఆర్‌టీఓ ఆఫీసు చుట్టూ తిరగడానికి నాలుగు పనిదినాలు పోయాయి. తప్పు నాదే.

మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి ఇక వాడకానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో ఆర్‌టీఓకి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. దానికి ముందు ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉందేమో చూసుకోండి. లోను ఎప్పుడో తీరినా హైపోథికేషన్ తీయించుకోనివాళ్ళు బోలెడుమంది. పెండింగ్ చలానాలు కట్టేయండి. నంబరు ప్లేట్లు మీ చేతుల్తో రెండు ముక్కలు చేయండి. ఛాసిస్ నంబరున్న రేకు ముక్కని తుక్కు కొనేవాడికి వదలకుండా కోయించి దగ్గర పెట్టుకోండి, ఆఫీసులో అడిగితే చూపించొచ్చు.

మేష్టారి బండికి ఫ్లోరు అతుకు వేశాం, వాల్వ్ సీళ్ళు మార్చాం, ఏసీ పైపు శుభ్రం చేశాం. వాళ్ళబ్బాయి వచ్చి తీసుకెళ్తూ, ఆ పైపు ఎక్కడుందో ఫోటో తీసుకున్నాడు.