పోలీసు దోషిగా తేలాక, శిక్ష పడేలోపు: అపోహలు - వాస్తవాలు

లాకప్ డెత్ కేసులోనో, బూటకపు ఎన్‌కౌంటర్ కేసులోనో ఒక పోలీసు అధికారిని కోర్టు దోషిగా తేలుస్తుంది. శిక్ష సంగతి ఇంకో రోజు చెబుతామని వాయిదా వేస్తుంది. ఆ మధ్య రోజుల్లో టీవీలోనూ ఫోన్లలోనూ నడిచే గొడవ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. ఒక వర్గం ఉరి తీయాల్సిందే అంటుంది. ఇంకో వర్గం, ఇలాగైతే రేపటి నుంచి ఏ పోలీసు లాఠీ పట్టుకుంటాడు అంటుంది. రెండు వర్గాలూ జడ్జినే చూస్తూ మాట్లాడతాయి. సెషన్స్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదించే లాయర్‌గా నేను చెప్పేదేమిటంటే, ఆ దశకు వచ్చేసరికి జడ్జి చేతిలో మిగిలేది చాలా తక్కువ. శిక్షను నిజంగా తేల్చే నిర్ణయాలు కొన్ని అంతకు ఏళ్ల ముందే అయిపోయి ఉంటాయి, కొన్ని ఆ తర్వాత వేరే చోట జరుగుతాయి.

అపోహ: దోషి అని తేల్చాక అప్పుడే శిక్ష చెప్పకుండా వాయిదా వేశారంటే, తెర వెనుక ఏదో బేరం నడుస్తోంది.

ఏ బేరమూ ఉండదు. అలా ఆగమని చట్టమే చెబుతోంది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 235(2), దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 258(2) సెక్షన్ చూడండి. దోషిగా తేల్చాక, శిక్ష ఎంత అన్న విషయం మీద ఆ మనిషి మాట విడిగా వినాలి, ఆ తర్వాతే శిక్ష వేయాలి. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1976లో సంతా సింగ్ కేసులో చెప్పింది. 1989లో అల్లావుద్దీన్ మియాఁ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, మామూలుగా ఇంకో తేదీకి వాయిదా వేసి రెండు వైపులా శిక్షకు సంబంధించిన వివరాలు పెట్టుకునే వీలివ్వాలని చెప్పింది. ఉరి పడే అవకాశమున్న కేసుల్లో పని ఇంకా పెరిగింది. 2022లో మనోజ్ కేసు తీర్పు వచ్చాక నిందితుడి మానసిక స్థితి మీద నివేదిక, జైల్లో అతని నడవడి, కుటుంబ పరిస్థితి, ఇవన్నీ ట్రయల్ కోర్టు తెప్పించుకోవాలి.

అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసులో పోలీసు అధికారి డెరెక్ షావిన్‌ను జ్యూరీ 2021 ఏప్రిల్ 20న దోషిగా తేల్చింది, శిక్ష జూన్ 25న పడింది. రెండు నెలలు పట్టింది. మన దగ్గర అదే రోజు మధ్యాహ్నమో, రెండు మూడు రోజులకో అయిపోతుంది. నన్నడిగితే మన తొందరే ఇబ్బంది. శిక్ష మీద విచారణ హడావిడిగా ముగిస్తే, శిక్ష మీద మా మాట సరిగ్గా వినలేదు అన్నది హైకోర్టు అప్పీల్లో డిఫెన్స్‌కు దొరికే పాయింట్.

శిక్ష మీద విచారణ రోజు కోర్టు హాల్లో జరిగేది చూస్తే చాలామంది నిరాశపడతారు. బోనులో ఉన్న మనిషిని జడ్జి, శిక్ష గురించి చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడుగుతారు. పిల్లలు చిన్నవాళ్లు, అమ్మకు ఒంట్లో బాగోదు, ఇన్నేళ్లు సర్వీసు చేశాను, నేను ఏ తప్పూ చేయలేదు... ఇలా నాలుగు ముక్కలు. ఆ తర్వాత లాయర్ల వాదన. అమెరికాలోలాగా బాధిత కుటుంబం ఒక్కొక్కరుగా లేచి తమ బాధ చెప్పుకునే దశ మన చట్టంలో లేదు. వాళ్ల లాయర్ చెప్పదలచుకున్నది ఎక్కువగా పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారానే వెళ్లాలి.

అపోహ: జడ్జి తలచుకుంటే ముప్పై ఏళ్లు వేయొచ్చు, తలచుకుంటే మూడేళ్లతో వదిలేయొచ్చు.

అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. హత్య నేరానికి (ఐపీసీ 302, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 103) చట్టంలో ఉన్న శిక్షలు రెండే రెండు. ఉరి, లేదా యావజ్జీవం. దానికి జరిమానా తోడు. పదేళ్లు వేసే వీల్లేదు. ముప్పై ఏళ్లు వేసే వీలూ లేదు. ‘ముప్పై ఏళ్లదాకా రెమిషన్ (శిక్షాకాలం తగ్గింపు) ఇవ్వకూడదు’ లాంటి షరతు పెట్టే అధికారం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ మాత్రమే ఉందని 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. సెషన్స్ జడ్జికి అది కూడా లేదు. ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలి. అవి దొరకకపోతే మిగిలేది యావజ్జీవం ఒక్కటే. అంటే 302 కింద దోషి అని జడ్జి చదివిన క్షణంలోనే శిక్ష నూటికి తొంభై పాళ్లు తేలిపోయినట్టు. ఆ తర్వాత టీవీలో నడిచే ‘ఎంత పడుతుంది?’ అనే టెన్షన్‌లో పెద్దగా సరుకు లేదు.

అసలు పోరాటం అంతా ఏ సెక్షన్ కింద దోషి అన్నదాని మీదే. స్టేషన్‌లో కొట్టినందుకు మనిషి చనిపోయాడు. అది హత్యా? హత్య కిందికి రాని నరహత్యా? రెండోది అయితే, చంపాలన్న ఉద్దేశం లేదు కానీ చావొచ్చని తెలుసు అన్న లెక్కన ఐపీసీ 304 రెండో భాగం వర్తిస్తుంది. గరిష్ఠం పదేళ్లు, కనిష్ఠం ఏమీ లేదు. నేరం ఒప్పించడానికి గాయపరచడం (330) ఒక్కటే రుజువైతే గరిష్ఠం ఏడేళ్లు, తీవ్ర గాయమైతే (331) పదేళ్లు. ఇలాంటి చోట్లే జడ్జికి నిజంగా విచక్షణ ఉంటుంది, ఇలాంటి చోట్లే శిక్ష మీద వాదనకు విలువ ఉంటుంది.

హత్యను నిర్వచించే ఐపీసీ 300 సెక్షన్‌లో మూడో మినహాయింపు అని ఒకటుంది. ప్రభుత్వ ఉద్యోగి, పగ ద్వేషం లేకుండా, విధి నిర్వహణకు అవసరమని నిజంగా నమ్మి, తన అధికారం దాటి ప్రాణం తీస్తే అది హత్య కాదు, నరహత్య. ఈ మినహాయింపు ఎంత దూరం తీసుకెళ్తుందో పీలీభీత్ కేసు చెబుతుంది. 1991లో ఉత్తరప్రదేశ్‌లో సిక్కు యాత్రికులను బస్సు నుంచి దించి, పది మందిని ఎన్‌కౌంటర్ పేరుతో కాల్చేశారు. 2016 ఏప్రిల్‌లో లక్నో సీబీఐ కోర్టు 47 మంది పోలీసులకు హత్య కింద యావజ్జీవం వేసింది. 2022 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు ఇదే మినహాయింపు వర్తింపజేసి, 43 మంది శిక్షను ఏడేళ్లకు తగ్గించింది. ఆ తర్కం నాకు ఈనాటికీ మింగుడుపడదు. బస్సులోంచి దించి తీసుకెళ్లిన మనుషుల విషయంలో ‘నిజంగా నమ్మి’ అనే మాట ఎక్కడ నిలుస్తుంది? ఏమైనా, సెక్షన్ మారడంతో యావజ్జీవం కాస్తా ఏడేళ్లయింది. మధ్యలో నినాదాలు చేసిందేమీ లేదు.

అపోహ: తప్పు చేసిన పోలీసుకు ఉరే అని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది.

చెప్పిన మాట నిజమే. ముంబై లఖన్ భయ్యా ఎన్‌కౌంటర్ కేసులో నిందితుల బెయిల్ వ్యవహారం వచ్చినప్పుడు 2011లో, బూటకపు ఎన్‌కౌంటర్లను అరుదైన వాటిలో అరుదైనవిగా చూసి మరణశిక్ష వేయాలని సుప్రీంకోర్టు రాసింది. మరి అదే కేసులో ఏమైంది? 2013లో సెషన్స్ కోర్టు 13 మంది పోలీసులతో కలిపి 21 మందిని దోషులుగా తేల్చింది. అందరికీ యావజ్జీవమే. అప్పుడు నిర్దోషిగా బయటపడ్డ మాజీ అధికారి ప్రదీప్ శర్మను 2024 మార్చిలో బాంబే హైకోర్టు దోషిగా తేల్చింది. ఆయనకూ యావజ్జీవమే, ఆ తీర్పు మీద ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. బెయిల్ ఉత్తర్వులో రాసిన ఒక మాట, శిక్ష వేసేటప్పుడు 1980 నాటి బచన్ సింగ్ తీర్పు చెప్పిన తూకాన్ని, అంటే నేరాన్నీ నేరస్తుడి పరిస్థితులనూ తూచి అరుదైన వాటిలో అరుదైన కేసులోనే ఉరి వేయాలన్న నియమాన్ని, పక్కకు నెట్టలేదు.

ఉరి పడిన కేసూ ఉంది. కేరళలో 2005లో ఉదయకుమార్ అనే యువకుడు తిరువనంతపురం ఫోర్ట్ స్టేషన్‌లో చిత్రహింసలకు చనిపోయాడు. 2018లో సీబీఐ కోర్టు ఇద్దరు పోలీసులకు ఉరి వేసింది. రాష్ట్రమంతా న్యాయం గెలిచిందంది. 2025 ఆగస్టులో కేరళ హైకోర్టు దర్యాప్తులో లోపాలు ఎత్తిచూపి నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. ఉరి శిక్షను హైకోర్టు ధ్రువీకరించే దాకా అమలు చేయడానికి వీల్లేదు, ఆ ధ్రువీకరణలో సాక్ష్యం మొత్తం మళ్లీ గాలింపుకు వస్తుంది. పునాది బలహీనంగా ఉన్న కేసు అక్కడే కూలుతుంది.

ఇక మెడల్స్, సర్వీసు రికార్డు సంగతి. శిక్ష తగ్గించమని డిఫెన్స్ ఇవి పెడుతుంది, పెట్టాలి కూడా. కాపాడాల్సినవాడే చేశాడు కాబట్టి నేరం ఇంకా తీవ్రం అని ప్రాసిక్యూషన్ అంటుంది. యూనిఫాం రెండు వైపులా తూగుతుంది.

అపోహ: జనం గట్టిగా అరిస్తేనే కోర్టు కదులుతుంది.

శిక్ష దశలో కదలదు. జ్యూరీ ఉన్న దేశాల్లో ఆ భయానికి కొంత అర్థముంది. మన దగ్గర 1973 సీఆర్‌పీసీతో జ్యూరీ ఆనవాళ్లు పోయాయి. పైగా ఆ అరుపులు డిఫెన్స్‌కు ఉపయోగపడతాయి. నేను నిందితుడి తరఫున ఉంటే ఆ చర్చల వీడియోలన్నీ జాగ్రత్తగా దాచి, మీడియా విచారణ జరిగిందని అప్పీల్లో ఒక పేరా రాసుకుంటాను.

ఇంకో సంగతి. జనాభిప్రాయం ఎటు తిరుగుతుందో చెప్పలేం. 2019 డిసెంబరులో దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు అదే పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ పోలీసులు చెప్పిన కథనాన్ని నమ్మలేదు, పది మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని సిఫారసు చేసింది. పూలు చల్లిన చేతులే ఇంకో ఊళ్లో లాకప్ డెత్ జరిగితే కొవ్వొత్తులు పట్టుకుంటాయి.

గొంతు పనిచేసే చోట్లు వేరే ఉన్నాయి. కస్టడీలో మరణం జరిగితే విచారణ జరపాల్సింది జ్యుడీషియల్ మేజిస్ట్రేట్. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో సమాచారం వెళ్లాలి. పోస్ట్‌మార్టం వీడియో తీయాలి. సీసీ టీవీ ఫుటేజ్ చెరిగిపోకముందే భద్రపరచాలి. ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి అవసరమైన కేసుల్లో, కొత్త చట్టం ప్రకారం 120 రోజుల్లో ఏదీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. ఈ దశల్లో ఎవరూ అడగరు. ఏళ్ల తర్వాత తీర్పు రోజున అందరూ వస్తారు.

అపోహ: ఒక్కడికి శిక్ష పడితే మొత్తం పోలీసు శాఖ మనోధైర్యం దెబ్బతింటుంది.

ఇలాంటి కేసులు నిలబడేదే మిగతా పోలీసుల మీద. లాకప్ లోపల బయటి సాక్షి ఉండడు. స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో ఎన్ని గంటలకు తెచ్చినట్టు రాశారు, ఆ రాత్రి సెంట్రీ ఎవరు, ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారు, ఇవన్నీ తోటి ఉద్యోగులే చెప్పాలి. వాళ్లు నోరు మెదపరు కాబట్టే 1995లో శ్యామ్‌సుందర్ త్రివేది కేసులో సుప్రీంకోర్టు, కస్టడీ మరణాల్లో ప్రత్యక్ష సాక్ష్యం కోసం మొండిగా పట్టుబట్టవద్దని కింది కోర్టులకు చెప్పాల్సి వచ్చింది. 2020లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు, ఆ స్టేషన్‌లోనే పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ రాత్రంతా కొట్టారని మేజిస్ట్రేట్‌కు చెప్పింది. స్టేషన్‌ను రెవెన్యూ అధికారుల అధీనంలో పెట్టమని హైకోర్టు చెప్పాల్సినంత ఉద్రిక్తత మధ్య చెప్పింది. మనోధైర్యం అనే మాట వాడాలంటే నేను ఆమె దగ్గర వాడతాను.

అపోహ: అప్పీల్ వేస్తే చాలు, ఉద్యోగమూ జీతమూ మళ్లీ వస్తాయి.

రావు. దోషిగా తేలడానికి కారణమైన ప్రవర్తన ఆధారంగా, శాఖాపరమైన విచారణ లేకుండానే తొలగించే వీలు రాజ్యాంగం 311(2) అధికరణంలోనే ఉంది. అప్పీల్ తేలే దాకా ఆగనక్కర్లేదని 1995లో నాగూర్ మీరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైకోర్టు శిక్షను సస్పెండ్ చేసి బెయిల్ ఇచ్చినా దోషి అన్న ముద్ర అలాగే ఉంటుంది. యావజ్జీవం పడిన కేసుల్లో ఆ బెయిల్ ఇచ్చే ముందు ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. ఆ అభ్యంతరం దాఖలైందా లేదా అన్నది బాధితుల లాయర్ వెంటపడి చూసుకోవాలి.

అపోహ: శిక్ష తక్కువ పడితే బాధిత కుటుంబం హైకోర్టుకు వెళ్లి పెంచమని అడగొచ్చు.

ఇది లాయర్లు కూడా పొరబడే చోటు. నిందితుణ్ని వదిలేసినా, చిన్న నేరం కింద మాత్రమే దోషిగా తేల్చినా, పరిహారం తక్కువ ఇచ్చినా బాధితులు స్వయంగా అప్పీల్ వేయొచ్చు. శిక్ష చాలలేదు అన్న ఒక్క కారణంతో మాత్రం వాళ్లు వేయలేరు. 2020లో పర్వీందర్ కన్సల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఆ అప్పీల్ ప్రభుత్వం వేయాలి. అంటే పోలీసుకు పడిన శిక్ష పెంచమని అడగాల్సింది ఆ పోలీసుకు జీతమిచ్చిన ప్రభుత్వమే. అందుకే కుటుంబాలకు నేను చెప్పేది ఇదీ: తీర్పు సర్టిఫైడ్ కాపీకి తీర్పు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. హత్య అభియోగం కాస్తా నరహత్యకు దిగిందా చూడండి, దిగితే చిన్న నేరం కింద దోషిగా తేల్చారన్న దారిలో మీ అప్పీల్ మీరే వేసుకోవచ్చు. సెక్షన్ సరిగ్గానే ఉండి శిక్షే తక్కువైతే, అప్పీల్ వేయమని ప్రభుత్వానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పరిహారం గురించి తీర్పులో ఒక్క ముక్కా లేకపోతే అదీ అడగండి. 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు, కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఒడిశా ప్రభుత్వం లక్షా యాభై వేలు చెల్లించాలంది. ఆ కేసు ఆమె సుప్రీంకోర్టుకు రాసిన ఒక ఉత్తరంతో మొదలైంది.