మన్యానా: రేపా, ఎగ్గొట్టడమా?

మొన్న నా దగ్గర స్పానిష్ నేర్చుకునే అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. మాడ్రిడ్‌లో గది అద్దెకి అడిగితే ఇంటావిడ "మన్యానా" (రేపు) అందట. "అంటే ఇవ్వనన్నట్టేగా మేడమ్? రీల్స్‌లో అలాగే చెప్పారు."

ఆ రీల్స్ చేసేవాళ్లు ఎక్కడ దొరుకుతారో గానీ!

అపోహ: మన్యానా అంటే రేపు కాదు, "ఇవాళ కాదు" అని.

వాస్తవం: మెసేజ్ మొత్తం చూపించమన్నాను. "మన్యానా అ లాస్ దియెస్" అని ఉంది, రేపు పదింటికి అని. పక్కన టైమ్ ఉంటే అది అచ్చంగా రేపే. టైమ్ లేకుండా గాల్లో వదిలేస్తేనే అనుమానించాలి. అప్పుడు కూడా టెన్షన్ పడకుండా "అ కె ఓరా?" (ఎన్నింటికి?) అని అడగండి. మనం మాత్రం "రేపు పదింటికి రా", "రేపు చూద్దాంలే" రెండూ ఒకటే అనుకుంటామా?

ఈ అపోహకి నేనూ మూల్యం చెల్లించాను. దుబాసీగా కొత్తలో, "వాళ్ల రేపంటే వచ్చే వారమే" అని మా టీమ్‌కి గొప్పగా చెప్పాను. మర్నాడు మాడ్రిడ్‌లో ఉదయం తొమ్మిదికల్లా క్లయింట్ కాల్‌లో ఉన్నాడు. ఎండాకాలం, మనకి పన్నెండున్నర. మేమంతా క్యాంటీన్‌లో, నా చేతిలో సాంబారన్నం ముద్ద.

అలాగని వంకర అర్థం లేదనను. "రేపు రండి" అని తిప్పే ఆఫీసుల మీద స్పానిష్ రచయిత లార్రా 1833లోనే స్పెయిన్‌లో వ్యాసం రాశాడు. పదిహేను రోజుల్లో పని ముగించుకుందామని వచ్చిన విదేశీయుడు అందులో నెలల తరబడి తిరుగుతాడు. అక్కడి కొట్లలోనూ "ఓయ్ నో సె ఫీయా, మన్యానా సీ" అని బోర్డు కనిపిస్తుంది: ఇవాళ అప్పు లేదు, రేపు ఉంది. మన కిరాణా కొట్లో "అప్పు రేపు"కి సొంత అన్నగారు.

మిగతావి చిన్నవి. "మన్యానా పోర్ ల మన్యానా" అచ్చుతప్పు కాదు, రేపు ఉదయం. మన్యానా ముందు "ల" ఉంటే ఉదయం, "ఎల్" ఉంటే భవిష్యత్తు. అర్ధరాత్రి దాటాక రెండింటిని కూడా "దె ల మన్యానా" (ఉదయం) అనే అంటారు, ఫ్లైట్ ఉన్నవాళ్లు చూసుకోండి. ఉదయానికీ రేపుకీ ఒకే మాటేంటని విసుక్కునేవాళ్లకి మన "రేపకడ" గుర్తుచేస్తాను. అంటే తెల్లవారుజాము. "రేపూ మాపూ" అని తిప్పించుకోవడమూ మనకి తెలిసిందే.

ఆ అమ్మాయికి మర్నాడు పదీ ఐదుకి ఫోన్ వచ్చింది. గది వేరేవాళ్లకి ఇచ్చేశారట.