అపోహలు - వాస్తవాలు: 18 మందికి ఒక టీచరుంటే అదృష్టమేనా?

మొన్న బళ్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ప్రసంగాలు, భోజనాలు అయిపోయి అందరూ వెళ్లిపోతుంటే ఒకావిడ మాత్రం నా బల్ల దగ్గరే నిలబడిపోయింది. వాళ్లబ్బాయి నా మూడో తరగతిలోనే చదువుతున్నాడు.

"మేడం, మావాడి క్లాసులో 36 మందంట కదా?"

"అవునమ్మా."

"మా అమ్మగారి ఊళ్లో బడి మొత్తం కలిపినా 18 మందే. వాళ్లకో టీచరు. అంత తక్కువ మందయితే బాగా పట్టించుకుంటారు కదా మేడం? వచ్చే జూన్‌లో వీణ్ణి అక్కడ చేర్పిద్దామనుకుంటున్నాం. టీసీ ఇస్తారా?"

ఎస్జీటీగా, అంటే సర్కారు ప్రాథమిక బడి టీచరుగా చేరి 22 ఏళ్లయింది. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఏటా వింటూనే ఉన్నాను. ఆవిడ మీద నాకు కోపమేమీ రాలేదు. ప్రతి స్కూలు ఫ్లెక్సీ మీదా '1:20', అంటే 20 మందికో టీచరు అని పెద్ద అంకె వేసి ఊరంతా కడుతుంటే ఏ తల్లి మాత్రం నమ్మదు? నాకు కోపమొచ్చేది ఆ అంకెకు అర్థం తెలిసి కూడా వాడుకునేవాళ్ల మీద.

అపోహ: టీచరుకు పిల్లలు తక్కువుంటే చదువు దానంతటదే బాగుంటుంది.

ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

ఆవిడ చెప్పిన బడి లెక్కే వేద్దాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు నుంచి ఐదు వరకు వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. మూడు, మూడు, నాలుగు, నాలుగు, నాలుగు. మొత్తం 18 పాఠాలు. 18 మంది పిల్లలకు రోజుకు 18 పాఠాలన్నమాట. ప్రార్థన, భోజనం, ఇంటర్వెల్ తీసేస్తే చేతికి మిగిలేది మహా అయితే ఐదు గంటలు, అంటే 300 నిమిషాలు. ఒక్కో పాఠానికి 17 నిమిషాలు కూడా రావు. తరగతి లెక్కన చూస్తే రోజు మొత్తంలో ఒక్కో తరగతికి దక్కేది గంట. మిగతా నాలుగు గంటలూ ఆ పిల్లలు చూసిరాత రాసుకోవాలి, లేదా పక్క తరగతి పాఠం వింటూ కూర్చోవాలి.

మా క్లాసులో 36 మంది ఉన్న మాట నిజం. కానీ అందరూ మూడో తరగతే. ఆ 300 నిమిషాలూ వాళ్లవే. కాగితం మీద అక్కడ 1:18, ఇక్కడ 1:36. పిల్లాడికి టీచరు దొరికే సమయం చూస్తే లెక్క తిరగబడుతుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. అలాంటి ఏకోపాధ్యాయ బళ్లో ఆరేళ్లు పనిచేశాను. చుట్టుపక్కల బళ్ల టీచర్లందరికీ పెట్టే కాంప్లెక్స్ మీటింగ్ ఉన్న రోజు, నాకు జ్వరం వచ్చిన రోజు, ఎన్నికల డ్యూటీ పడ్డ రోజు ఆ బడి పరిస్థితి ఏమిటో ఎవరూ అడగరు. మామూలు రోజుల్లో కూడా హాజరు, భోజనం వివరాలు ఎక్కించాలి, గుడ్లు లెక్కపెట్టుకోవాలి, ఎవరో వస్తే సమాధానం చెప్పాలి. అప్పుడు నాలుగో తరగతిలో ఒక చురుకైన పాప ఉండేది. నేను ఐదో తరగతికి భిన్నాలు చెబుతుంటే ఆ పాప ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించేది. చాలా ముచ్చటగా ఉండేది. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి కూడా చూసి మెచ్చుకుని వెళ్లారు. ఏడాది చివర చూసుకుంటే ఆ పాపకే ఏడో ఎక్కం రాలేదు. దాని చదువు తీసుకుని చిన్నపిల్లలకు పంచానని ఆ రోజు అర్థమైంది. ఇప్పటికీ ఆ పాప గుర్తొస్తే మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది.

చట్టం కూడా ఇలా ఉండమని చెప్పలేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో పిల్లలు 60 మంది లోపు ఉంటే ఇద్దరు టీచర్లుండాలి. 60 దాటితే ముగ్గురు, 90 దాటితే నలుగురు. ఇది బడి బడికీ చూడాల్సిన లెక్క. జిల్లా సగటు, రాష్ట్ర సగటు చూపించి సరిపెట్టేది కాదు. మనవాళ్లకు మాత్రం సగటు మీదే ప్రేమ. కేంద్రం ఏటా బళ్ల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద చిన్న తరగతుల దశలో సగటున పదిమందికో టీచరున్నారు. వినడానికి ఎంత బాగుంది! అదే లెక్కల్లో ఒకే టీచరున్న బళ్లు లక్షా నాలుగు వేల పైచిలుకు, వాటిలో 33 లక్షల మందికి పైగా పిల్లలు. ఇలాంటి బళ్లు అందరికంటే ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. పక్క టౌనులో మిగులు టీచర్లు, కొండ కింద ఊళ్లో ఒక్కరు. రెండూ కలిపి భాగిస్తే సగటు ఎప్పుడూ అందంగానే వస్తుంది.

ఒకే గదిలో పలు తరగతులకు చదువు చెప్పడం అసాధ్యమని నేననడం లేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బళ్ల కోసం కార్డులు, అభ్యసన నిచ్చెన తయారుచేసి, అది సాధ్యమేనని చూపించారు. ఏ పిల్లాడు ఏ మెట్టు మీదున్నాడో వాడికే తెలుస్తుంది, టీచరు వెనకబడినవాళ్ల దగ్గర కూర్చుంటారు. కానీ అది ఏళ్ల తరబడి పదును పెట్టిన పద్ధతి. మాకిచ్చింది ఒక పూట శిక్షణ, ఒక జిరాక్సు కట్ట.

సరే, ఒకే తరగతి పిల్లలే తక్కువ మంది ఉంటేనో? అప్పుడు మేలే. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్ల పాటు 79 బళ్లలో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. పిల్లల్నీ టీచర్లనీ లాటరీ వేసినట్టు పంచి, కొన్ని క్లాసుల్లో 13 నుంచి 17 మందిని, కొన్నిట్లో 22 నుంచి 25 మందిని కూర్చోబెట్టారు. చిన్న క్లాసుల్లోని పిల్లలు చదవడంలో, లెక్కల్లో ముందుకెళ్లారు. పేద పిల్లలకు ఇంకా ఎక్కువ లాభం కలిగింది. అది చూసి కాలిఫోర్నియా 1996లో చిన్న తరగతులన్నిటినీ ఒక్కసారిగా 20 మందికి కుదించబోయింది. అన్ని క్లాసులకు టీచర్లు దొరక్క, శిక్షణ లేనివాళ్లను వేల సంఖ్యలో తీసుకున్నారు. టెనెసీలో వచ్చినంత ఫలితం అక్కడ కనబడలేదు.

అంతదూరం ఎందుకు, నా సంగతే చెబుతాను. ఒకప్పుడు నా రెండో తరగతిలో 54 మంది. బదిలీల్లో కొత్త టీచరు రాగానే సెక్షన్ రెండు చేశారు. నాకు 27 మంది మిగిలారు. పండగే అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత పరీక్ష పెడితే పేరా చదవలేనివాళ్లు అలాగే ఉన్నారు. ఎందుకంటే నేను 54 మందికి చెప్పినట్టే 27 మందికీ చెప్పాను. బోర్డు దగ్గరే నిలబడ్డాను, "అర్థమైందా?" అన్నాను, ముందు వరసలో నలుగురు "అయింది టీచర్" అన్నారు, పేజీ తిప్పాను. వెనక గోడకు ఆనుకున్నవాడికి గది ఖాళీ అయింది తప్ప నేను దగ్గరవలేదు. ఆ తర్వాతే కుర్చీ పక్కన పెట్టి చాప పరిచాను. అక్షరాలు రానివాళ్లు ఒక గుంపు, పదాలు చదివేవాళ్లు ఒక గుంపు, పేరా చదివేవాళ్లు ఒక గుంపు. ఒక్కో గుంపు దగ్గర పావుగంట. పని మొదలైంది అప్పుడు.

ముంబయి, వడోదర బళ్లలో 2001-03 మధ్య జరిగిన బాలసఖి ప్రయోగం గురించి చదివినప్పుడు నా కథే ఎవరో రాసినట్టనిపించింది. అక్కడ మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి, ఆ పేటలోనే ఉండే అమ్మాయి చేత మొదట్నించీ చెప్పించారు. వాళ్లు బాగుపడ్డారు. క్లాసులో మిగిలినవాళ్లకు గుంపు తగ్గింది కదా, వాళ్లూ బాగుపడాలి. చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

అపోహ: ప్రైవేటు బళ్లో సెక్షన్‌కు 25 మందే, కాబట్టి చదువు గ్యారంటీ.

ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు ఉన్నట్టుండి మానేస్తే, ఆ పోస్టులో మా బంధువుల అమ్మాయి చేరింది. నవంబరులో చేరి ఫిబ్రవరిలో తనూ మానేసింది. జీతం సరిపోక, అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగమంటే తిరగలేక. ఆ పిల్లలకు ఒక్క ఏడాదిలో ముగ్గురు లెక్కల టీచర్లు. ఫ్లెక్సీ మీద మాత్రం 1:25 చెక్కుచెదరలేదు! ఆ నిష్పత్తిలో పీఈటీని, డ్యాన్సు మాస్టారిని, ఒక్కోసారి ప్రిన్సిపల్‌ని కూడా కలుపుకుంటారని చాలామందికి తెలియదు.

2008 నుంచి నాలుగేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. సర్కారు బడి పిల్లల్లో కొందరికి లాటరీ ద్వారా ప్రైవేటు బడి ఫీజు కట్టారు. చివరికి తెలుగులో, లెక్కల్లో రెండు బళ్ల పిల్లలకూ తేడా రాలేదు. సర్కారు బళ్లో అసలు చెప్పని హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అదే ఫలితాన్ని ప్రైవేటు బళ్లు మన సర్కారు బళ్లకంటే చాలా తక్కువ ఖర్చుతో సాధించారన్నది కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. ఆ ముక్క మా స్టాఫ్ రూంలో ఎవరికీ నచ్చదు.

అపోహ: పెద్ద డిగ్రీ ఉన్నవాళ్లే మంచి టీచర్లు.

ఎమ్మెస్సీ బీఎడ్ చదివినాయన ఒకటో తరగతికి 'క' గుణింతం చెప్పలేక చెమటలు పట్టడం చూశాను. అది వేరే విద్య. ప్రాథమిక తరగతులకు చిన్నపిల్లలకు చెప్పే శిక్షణ అయిన డీఎడ్ ఉండాలి, బీఎడ్ సరిపోదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇందుకే.

అపోహ: సర్కారు టీచర్లకేం రాదు, ఎలాగో ఉద్యోగం తెచ్చుకున్నారు.

టెట్ అనే అర్హత పరీక్ష దాటాలి, డీఎస్సీ అనే ఎంపిక పరీక్షలో ర్యాంకు రావాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు లక్షల మంది పోటీపడ్డారు. పైగా 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి టెట్ లేని పాతవాళ్లం కూడా రెండేళ్లలో అది పాసవ్వాలి. ఈ వయసులో నాకూ పరీక్ష టెన్షన్ పట్టుకుంది, నవ్వకండి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. టెట్ మార్కులు నాకేం తెలుసో చెబుతాయి, రేపు క్లాసులో ఏం చేస్తానో చెప్పవు.

ఇంకా చాలా ఉన్నాయి. సీనియర్ అయితే మంచి టీచర్, హోంవర్క్ ఎక్కువిస్తే మంచి టీచర్, బెత్తం పట్టుకుంటేనే భయం ఉంటుంది. వీటికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

మరి బడిని ఎలా చూడాలి అంటారా? సెక్షన్‌లో ఎంతమందని అడగండి, తప్పులేదు. దాని వెంటే ఆ గదిలో ఎన్ని తరగతులు కూర్చుంటాయో అడగండి. ఈ టీచరు జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఉంటారా, పోయినేడు ఎంతమంది మారారు అని అడగండి. వీలైతే వెనక కూర్చునే పిల్లాడి నోటుబుక్కు తెరిచి చూడండి. ఎర్ర టిక్కులే ఉన్నాయా, తప్పు ఎక్కడ పోయిందో రాసి మళ్లీ చేయించారా? సాయంత్రం మీ పిల్లల్ని "ఈ రోజు టీచరు నీ దగ్గరకు ఎప్పుడొచ్చారు?" అని అడగండి. వారం రోజులు అడిగితే మీకే తెలిసిపోతుంది. నా క్లాసు గురించి కూడా అలాగే అడగమన్నాను ఆవిణ్ణి.

18 పాఠాల లెక్క ఒక కాగితం మీద వేసి చూపించాను. అంతా విని, "మరి మావాణ్ణి వెనకెందుకు కూర్చోబెట్టారు మేడం?" అంది. నిజమే, ఆ నెలంతా వాడు కిటికీ పక్కన చివరి వరసలోనే ఉన్నాడు. మర్నాడే వాణ్ణి చాప మీద నా పక్కకు మార్చాను. టీసీ సంగతి వాళ్లాయన్ని అడిగి చెబుతానంది. ఇంకా చెప్పలేదు.