ఆండ్రాయిడా, ఐఫోనా? ఫోన్ కొనేవారి అపోహలు - వాస్తవాలు

ఖమ్మంలో మొబైల్ ఫోన్లు అమ్మి, బాగుచేసే దుకాణం నాది. "అన్నా, ఆండ్రాయిడ్ తీసుకోమంటావా, ఐఫోన్ తీసుకోమంటావా?" అన్న ప్రశ్న నాకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక మాట పట్టుకొని వస్తారు. అది బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరిగినదో, యూట్యూబ్‌లో ఎవరో గట్టిగా చెప్పినదో అయి ఉంటుంది. కష్టపడి కూడబెట్టిన పదిహేను, ఇరవై వేలు ఒక వస్తువు మీద పెట్టేవారికి భయం ఉండడం సహజమే కనుక వారిని నేను ఎన్నడూ తప్పుపట్టను. ఆ భయాన్ని ఆసరా చేసుకొని, తెలిసీ తెలియని మాటలను నలుగురికీ అంటగట్టేవారి మీదనే నా కోపం. ఈ పుకార్లలో చాలావాటి వల్ల పెద్ద నష్టం లేదు. ఒకటి మాత్రం కుటుంబాల డబ్బును నిజంగా తినేస్తోంది కాబట్టి, ఇక్కడ దాని గురించే ఎక్కువగా రాస్తాను.

అపోహ: మంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఫోన్ కొంటే చాలు, ఇక చూసుకోనక్కర్లేదు

వాస్తవం: ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఫోన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్; ఐఫోన్లలో అది ఐఓఎస్, మిగతా ఫోన్లలో దాదాపుగా ఆండ్రాయిడ్. దాని పేరు కన్నా, ఆ ఫోన్‌కు ఇంకా ఎన్నేళ్లపాటు అప్‌డేట్లు అందుతాయన్నది ముఖ్యం. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా లోపం లేకుండా పుట్టదు. 2018 ఫిబ్రవరిలో జరిగినది మన తెలుగువారిలో కొందరికి గుర్తుండే ఉంటుంది: "జ్ఞా" అనే అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం చేరి మెసేజ్‌గా వస్తే, దానిని చూపించలేక ఐఫోన్‌లోని యాప్‌లు ఒక్కసారిగా మూతపడిపోయేవి. ఎంతో ఖరీదు పెట్టి కొన్న ఫోన్‌ను మన అక్షరం ఒకటి కూలదోసింది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిచేసింది. లోపం వచ్చినందుకు ఆ సిస్టమ్ చెడ్డదని గాని, దిద్దినందుకు ఇక తిరుగులేనిదని గాని నేను చెప్పడం లేదు. దిద్దుబాటు మన చేతిలోని ఫోన్ దాకా వస్తోందా లేదా అన్నదే చూడాలి.

ఆండ్రాయిడ్‌లో ఆ దారి కొంచెం పొడవైనది. గూగుల్ తయారుచేసిన ఆండ్రాయిడ్‌ను సామ్‌సంగ్ వన్ యూఐగానూ, షావోమీ హైపర్ ఓఎస్‌గానూ, ఒప్పో కలర్ ఓఎస్‌గానూ తమకు తగినట్టు మలచుకుంటాయి. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే పెద్ద లోపం బయటపడిన తరువాత గూగుల్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలను పూడ్చే చిన్న అప్‌డేట్లు, ప్రకటించడం మొదలుపెట్టింది. ఆ ప్యాచ్‌ను తన మోడల్‌కు సరిపడేలా సిద్ధం చేసి పంపవలసినది మాత్రం ఫోన్ తయారుచేసిన కంపెనీయే. అందుచేత ఒకే రోజు, ఒకే ధరకు కొన్న రెండు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకటి ప్రతినెలా ప్యాచ్ అందుకుంటూ ఉండగా, రెండోది నెలల తరబడి ఎదురుచూస్తూ ఉండవచ్చు. "ఆండ్రాయిడ్ ఇంతే" అనేవారు ఏ ఆండ్రాయిడ్ ఫోన్ గురించి మాట్లాడుతున్నారో ముందు చెప్పాలి.

జనం అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది లెక్క దగ్గర. కంపెనీ "ఏడేళ్ల అప్‌డేట్లు" అని చెబితే ఆ ఏడేళ్లు మనం బిల్లు చేయించుకున్న రోజు నుంచి మొదలవుతాయని దాదాపు అందరూ అనుకుంటారు. ఆ లెక్క మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన నాటి నుంచి సాగుతుంది. మందుల షాపులో మాత్ర ఎప్పుడు కొన్నా దాని గడువు తయారైన తేదీని బట్టే ముగిసినట్టు, ఫోన్ గడువు కూడా మనం కొన్న తేదీని పట్టించుకోదు. గూగుల్ పిక్సెల్ 8 2023 అక్టోబరులో వచ్చింది, ఏడేళ్ల హామీ ఉంది, అంటే 2030 అక్టోబరు వరకు. దానిని 2026లో కొన్నవారికి మిగిలేది నాలుగేళ్ల పైచిలుకు. అది ఇప్పటికీ మంచి గడువే. రెండేళ్లో మూడేళ్లో మాత్రమే హామీ ఉన్న చవక మోడల్‌ను, అది వచ్చిన రెండేళ్లకు పండుగ ఆఫర్‌లో కొన్నవారి సంగతి ఆలోచించండి: కవర్ కూడా విప్పని కొత్త ఫోన్, పెట్టె విప్పేసరికే దాని ఆయువు దాదాపు తీరిపోయి ఉంటుంది. దసరా, దీపావళి ఆఫర్లలో భారీ తగ్గింపు కనబడిన ప్రతిసారీ ఆ మోడల్ ఏ సంవత్సరంలో వచ్చిందో అడగండి అని నేను చెప్పేది ఇందుకే.

ఇందులోనే ఇంకొక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్‌కు మార్చే అప్‌గ్రేడ్‌లు వేరు, భద్రతా లోపాలను మాత్రం పూడ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు వేరు. "రెండు ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్‌లు" అని పెట్టె మీద రాసి, అప్పటికే ఏడాది పాతదైన ఆండ్రాయిడ్‌తో ఫోన్‌ను అమ్మితే, ఆ రెండింటిలో ఒకటి మిగతా ఫోన్లతో సమానం కావడానికే ఖర్చయిపోతుంది. బ్యాంకు లావాదేవీలు చేసేవారికి సెక్యూరిటీ అప్‌డేట్ల గడువే ప్రధానం. దానిని విడిగా అడిగి తెలుసుకోవాలి. మంచి గడువు కావాలంటే లక్ష రూపాయల ఫోనే కొనాలన్నదీ నిజం కాదు. సామ్‌సంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 శ్రేణికి ఏడేళ్ల హామీ ఇచ్చింది. అదే సంవత్సరం సామాన్యులు కొనగలిగే గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇచ్చింది.

ఐఫోన్ వైపు ఈ అపోహ మరింత క్రూరంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ సెకండ్‌హ్యాండ్ మార్కెట్ మొత్తం ఆపిల్ గుర్తు మీదనే నడుస్తోంది. ఐఫోన్లకు అప్‌డేట్లు చాలాకాలం వస్తాయన్నది నిజమే. 2015లో వచ్చిన 6ఎస్ ఐఓఎస్ 15 దాకా నడిచింది. అయితే చాలాకాలం అంటే ఎల్లకాలం కాదు. ఐఫోన్ టెన్ ఐఓఎస్ 16 దగ్గర ఆగిపోయింది. 2025లో వచ్చిన ఐఓఎస్ 26 టెన్ ఆర్, టెన్ ఎస్ మోడళ్లకు కూడా అందలేదు. అది కావాలంటే కనీసం ఐఫోన్ 11 ఉండాలి.

వైరా దగ్గరి పల్లె నుంచి ఒక రైతు కిందటేడు వానాకాలంలో తన కూతురితో మా దుకాణానికి వచ్చారు. అమ్మాయికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందని, క్లాసు విషయాలన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెడతారని, తెలిసినవారి దగ్గర ఆరు వేలకు ఐఫోన్ 6 కొన్నారు. గీత కూడా పడని ఫోన్. వాట్సాప్ ఎక్కించబోతే ఐఓఎస్ 15.1 గాని, అంతకన్నా కొత్తది గాని ఉండాలని చూపిస్తోంది. ఆ అమ్మాయి తెలివైనది, దుకాణానికి రాకముందే సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తెరిచి చూసింది. అక్కడ ఐఓఎస్ 12 చూపిస్తూ, సాఫ్ట్‌వేర్ అప్ టు డేట్‌గానే ఉందని రాసి ఉంది. అప్‌డేట్ చేయాలంటారు, ఇక అప్‌డేట్ లేదంటారు, ఇందులో ఏది నిజమని ఆ తండ్రీకూతుళ్లు అయోమయంలో పడ్డారు. "ఇది ఆపిల్ ఫోనే కదా బాబూ, ఆపిల్‌లో కూడా చెల్లని ఫోన్ ఉంటుందా?" అని ఆయన అడిగినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. వాట్సాప్ 2025 మే నుంచి 5ఎస్, 6, 6 ప్లస్ మోడళ్లలో పనిచేయడం మానేసిన సంగతి అమ్మినవారికి తెలియకపోయి ఉండవచ్చు, తెలిసే అమ్మి ఉండవచ్చు. ఆ ఫోన్‌కు మేము చేయగలిగినది ఏమీ లేకపోయింది. "అప్ టు డేట్" అన్న మాటకు అర్థం, ఆ మోడల్‌కు ఇచ్చిన వాటిలో చివరిది ఎక్కి ఉందని మాత్రమే. ఆండ్రాయిడ్‌లోనైనా అంతే. అందుకని ఆ మాటను నమ్ముకోక, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, ఆండ్రాయిడ్ వెర్షన్ కింద సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. నేటికి ఏడాది వెనకబడిన తేదీ ఉంటే, పైకి ఎంత మెరుస్తున్నా ఆ ఫోన్‌ను బ్యాంకు పనులకు కొనకండి.

అపోహ: ఐఫోన్‌కు వైరస్ రాదు, ఆండ్రాయిడ్ అంటేనే వైరస్

వాస్తవం: మన జిల్లాల్లో ఖాతాలు ఖాళీ అవుతున్నది ఎక్కువగా వైరస్ తనంతట తాను దూరి కాదు. "ఆర్టీఓ చలాన్" అనో, "పీఎం కిసాన్" అనో పేరు పెట్టుకొని వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఎక్కించే ఫైల్, వస్తుంది. నొక్కితే, తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను ఎక్కించడానికి అనుమతి అడుగుతుంది. ఆ తరువాత ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. రెండింటికీ "అలో" నొక్కితే మనకు వచ్చే ఓటీపీ దొంగకు కూడా చేరుతుంది. ఆండ్రాయిడ్ ఇలాంటి యాప్‌ను బయటి నుంచి ఎక్కించుకోనిస్తుంది, ఐఫోన్‌లో ఏ యాప్ కూడా మన మెసేజ్‌లను ఈ విధంగా చదవలేదు. ఇది రెండింటి మధ్య ఉన్న నిజమైన తేడా, దీనిని నేను తక్కువ చేయను. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, ఇలా బయటి నుంచి ఎక్కిన యాప్‌లు ఆక్సెసిబిలిటీ అనుమతిని (స్క్రీన్ మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కగల అనుమతిని) సులువుగా పొందకుండా ఒక అడ్డుకట్ట కూడా ఉంది. కొత్త వెర్షన్ కావాలనడానికి అది మరొక కారణం.

అయితే నకిలీ ట్రేడింగ్ లింకులకు, పోలీసులమని బెదిరించే వీడియో కాల్స్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అడ్డుపడదు. ఐఫోన్ కాబట్టి ఏమీ కాదన్న ధైర్యంతో తమ పిన్ నొక్కేసినవారినీ చూశాను. డబ్బు పోయిందని తెలియగానే సిగ్గుపడుతూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి; ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపగల అవకాశం అంత ఎక్కువ. మోసపోయినవారిని ఇంట్లోవాళ్లు తిట్టడం వల్లనే చాలామంది ఆ విలువైన మొదటి గంటలను జరిగిన సంగతి దాచుకోవడంలో పోగొట్టుకుంటున్నారు.

అపోహ: అప్‌డేట్ చేస్తే ఫోన్ నెమ్మదిస్తుంది, అందుకే చేయకూడదు

వాస్తవం: ఈ భయానికి కారణం లేకపోలేదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు అర్ధాంతరంగా ఆగిపోకుండా ఉండడానికి వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిలే ఒప్పుకొంది. ఆ గొడవ తరువాతనే 2018లో బ్యాటరీ హెల్త్ చూసుకునే వీలు సెట్టింగ్స్‌లోకి వచ్చింది. కొన్ని ఆండ్రాయిడ్ మోడళ్లలో అప్‌డేట్ తరువాత స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పడిందని ఎంతోమంది మొరపెట్టుకోగా, కొన్ని కంపెనీలు మన దేశంలో ఎంపిక చేసిన మోడళ్లకు ఉచితంగా స్క్రీన్ మార్చి ఇచ్చాయి. మీకు అలా జరిగితే డబ్బు కట్టేముందు కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఆ సంగతి అడగండి. ఇంతవరకు నిజమే. కానీ మా దగ్గరికి "అప్‌డేట్ చేశాక నెమ్మదించింది" అని వచ్చే ఫోన్లలో అధికభాగం స్టోరేజ్ నిండిపోయినవో, బ్యాటరీ అరిగిపోయినవో. పెద్ద అప్‌డేట్ తరువాత ఒకటి రెండు రోజులు ఫోన్ లోపల సర్దుబాట్లు సాగుతాయి కనుక వేడెక్కడం, ఛార్జింగ్ త్వరగా దిగడం మామూలే. ఫోటోలు బ్యాకప్ చేసి, కొంత ఖాళీ ఉంచి, ఛార్జర్ పెట్టి, వైఫై మీద అప్‌డేట్ చేయండి. సెక్యూరిటీ ప్యాచ్‌ను మాత్రం వాయిదా వేయకండి.

అపోహ: 16 జీబీ ర్యామ్ ఉంటే ఏ సిస్టమ్ అయినా పరుగెత్తుతుంది

వాస్తవం: పెట్టె మీద "8+8" అని ఉంటే రెండో ఎనిమిది ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే వేగమైన మెమరీ) కాదు, స్టోరేజ్‌లోంచి అరువు తీసుకున్నది, నెమ్మదైనది. ఇక ఐఫోన్‌లో, ఆండ్రాయిడ్‌లో ర్యామ్ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు, రెండూ జ్ఞాపకశక్తిని వాడుకునే తీరు వేరు.

అపోహ: మూడో ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో వస్తోంది, అందాకా ఆగాలి

వాస్తవం: ఆగకండి. విండోస్ ఫోన్ ఎంతో హుందాగా ఉండేది, నాకు ఇష్టమైనది కూడా; యాప్‌లు రాక, 2019 చివర వాట్సాప్ కూడా ఆగిపోయి, వాడేవారు దిక్కులేనివారయ్యారు. ఐఐటీ మద్రాసు ఆవరణలో రూపుదిద్దుకొని 2023 జనవరిలో ప్రదర్శితమైన భార్ ఓఎస్ కూడా ఆండ్రాయిడ్ మూలం మీద కట్టినదే. మీ బ్యాంకు యాప్, యూపీఐ, వాట్సాప్ మూడూ నడవని సిస్టమ్‌ను మామూలు కుటుంబం నమ్ముకోలేదు.

అపోహ: ఇటు నుంచి అటు మారితే చాట్లన్నీ వాటంతటవే వస్తాయి

వాస్తవం: రావు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి వెళుతుంది. ఒకదాని బ్యాకప్‌ను మరొకటి తెరవలేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవారు కొత్త ఫోన్‌ను మొదటిసారి సెటప్ చేసేటప్పుడే మూవ్ టు ఐఓఎస్ యాప్ ద్వారా చాట్లను తరలించాలి. సెటప్ అంతా పూర్తిచేసుకొని, పాత ఫోన్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసిన తరువాత, పోయిన తల్లిదండ్రుల వాయిస్ మెసేజ్‌ల కోసం వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నవారు ఉన్నారు. పాత ఫోన్‌ను కనీసం వారం రోజులైనా చేతిలో ఉంచుకోండి.

ఇప్పటికే గడువు తీరిన ఫోన్ చేతిలో ఉండి, కొత్తది కొనే స్తోమత లేనివారు కంగారు పడనక్కర్లేదు. ఆ ఫోన్‌లోంచి బ్యాంకు, యూపీఐ యాప్‌లను తీసేసి, ఇంట్లో అప్‌డేట్లు అందుతున్న మరొక ఫోన్ ఉంటే ఆ పనులకు దానిని వాడుకోండి. అది కూడా లేకపోతే ఎక్కువ డబ్బున్న ఖాతాను యూపీఐకి కలపకుండా, నెల ఖర్చు మాత్రమే ఉంచుకునే వేరొక ఖాతాను కలుపుకోండి, రోజువారీ లావాదేవీ పరిమితిని బ్యాంకులో తగ్గించి పెట్టించుకోండి. ప్లే స్టోర్ బయటి నుంచి ఏదీ ఎక్కించకుండా, మాట్లాడుకోవడానికి, ఫోటోలకు, పాటలకు ఆ ఫోన్‌ను నిశ్చింతగా వాడుకోవచ్చు.