స్ట్రాటోస్ గొంతు మనదాకా ఎందుకు రాలేదు?

ప్రోగ్రెసివ్ రాక్, అంటే జాజ్, శాస్త్రీయ సంగీతాలను కలుపుకుని మామూలు పాట చట్రం దాటిపోయే రాక్, అనగానే మన దగ్గర వినిపించేవి పింక్ ఫ్లాయిడ్, జెనెసిస్, యెస్, కింగ్ క్రిమ్సన్ పేర్లే. అన్నీ ఇంగ్లండ్ బ్యాండ్లు. ఆ సంగీతం అక్కడే పుట్టి అక్కడే ఆగిపోయిందన్నట్టు చరిత్ర చెప్పుకుంటున్నాం. అందువల్ల జరిగిన నష్టాల్లో పెద్దది డెమెట్రియో స్ట్రాటోస్‌ను వినకపోవడం. 1970లలో మిలాన్ కేంద్రంగా పనిచేసిన 'ఆరెయా' బ్యాండ్‌కు ఆయన గాయకుడు. ఆ దశాబ్దపు రాక్‌లో అంతకు మించిన గొంతు నేనైతే వినలేదు.

ఆయన ఇటలీవాడు కాదు. 1945 ఏప్రిల్ 22న ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గ్రీకు తల్లిదండ్రులకు పుట్టాడు. చిన్నప్పుడే పియానో, అకార్డియన్ నేర్చుకున్నాడు. ఒక చెవిన ఆర్థడాక్స్ చర్చి కీర్తనలు, ఇంకో చెవిన అరబ్బీ పాటలు పడుతూ పెరిగాడు. 1956లో సూయజ్ కాలువ కోసం జరిగిన యుద్ధం తర్వాత విదేశీ కుటుంబాలు ఈజిప్టు వదిలిపోతున్న రోజుల్లో, 1957లో అతన్ని సైప్రస్‌లోని నికోసియాకు పంపారు. 1962లో ఆర్కిటెక్చర్ చదవడానికి మిలాన్ చేరాడు. చదువు పక్కకు పోయింది, పాట మిగిలింది.

అప్పటి ఇటలీలో ఇంగ్లిష్ హిట్ పాటలకు ఇటాలియన్ మాటలు కట్టి పాడటం పెద్ద ఫ్యాషన్. స్ట్రాటోస్ చేరిన 'ఇ రిబెల్లీ' కూడా ఆ గాలిలో ఎదిగిన బ్యాండే. 1967లో వాళ్ల 'పుంయీ క్యూజీ' పెద్ద హిట్టయింది. ఆ దారినే పోతే ఆయన హాయిగా స్టార్ సింగర్‌గా బతికేవాడు. కానీ దేశం మారిపోయింది. 1969లో ఫ్యాక్టరీల్లో సమ్మెలు వెల్లువెత్తాయి. అదే ఏడాది డిసెంబర్ 12న మిలాన్‌లోని పియాజ్జా ఫొంతానాలో బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. యువత వీధుల్లోకి వచ్చింది. ప్రేమ పాటలతో సరిపెట్టుకునే కాలం కాదది. 1970లో స్ట్రాటోస్ ఇ రిబెల్లీని వదిలేశాడు. 1972లో డ్రమ్మర్ జూలియో కపియోజ్జోతో కలిసి ఆరెయాను మొదలుపెట్టాడు.

వాళ్ల మొదటి ఆల్బమ్ 1973లో వచ్చింది. పేరు 'ఆర్బైట్ మాఖ్ట్ ఫ్రై', అంటే 'పని స్వేచ్ఛనిస్తుంది' అని, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం గేటు మీద నాజీలు రాసిన మాట. ఆ ఎల్పీ కవర్లో అట్టతో చేసిన తుపాకీ బొమ్మ ఒకటి పెట్టి అమ్మారు. పాటల మాటలు రాసింది వాళ్ల లేబుల్ 'క్రాంప్స్' నడిపిన జానీ సాస్సీ, 'ఫ్రాంకెన్‌స్టైన్' అనే మారుపేరుతో. మొదటి పాట 'లూల్యో, అగోస్తో, సెత్తెంబ్రే (నేరో)' ఒక స్త్రీ అరబ్బీలో శాంతి గురించి మాట్లాడటంతో మొదలవుతుంది. తర్వాత స్ట్రాటోస్ గొంతు నెమ్మదిగా, బరువుగా లేస్తుంది. ఆ వెంటనే బ్యాండ్ మొత్తం బాల్కన్ జానపద నృత్యాల్లో ఉండే ఎగుడుదిగుడు తాళంలోకి దూకుతుంది. మన ఆదితాళంలా సమంగా చేత్తో వేసుకుందామంటే కుదరదు. పాలస్తీనా గురించిన ఈ పాట ఐదు నిమిషాలు కూడా ఉండదు. అందులో జాజ్ ఉంది, అరబ్బీ సంగీతం ఉంది, గ్రీకు గొంతు ఉంది, ఇటాలియన్ మాట ఉంది. వేయేళ్లుగా మధ్యధరా ఓడరేవుల్లో కలిసిపోయిన సంగీతాలన్నీ ఒకేసారి చెవిన పడినట్టుంటుంది.

ఇటలీ ప్రోగ్రెసివ్ రాక్ బయటి దేశాలకు ఎలా వెళ్లిందో ఇక్కడ చూడాలి. పీఎఫ్ఎమ్ (ప్రెమియాతా ఫొర్నెరియా మార్కోనీ) బ్యాండ్ కూడా మిలాన్‌దే. 1973లో ఇంగ్లండ్ లేబుల్ 'మాంటికోర్' వాళ్లను చేరదీసింది. కింగ్ క్రిమ్సన్‌కు పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డ్ వాళ్లకు ఇంగ్లిష్ మాటలు రాసిచ్చాడు. అలా పీఎఫ్ఎమ్ పేరు ఇంగ్లండ్, అమెరికా శ్రోతలకు చేరింది. ఆరెయా మొదటి ఆల్బమ్‌లో బేస్ వాయించిన పాట్రిక్ జివాస్ కూడా తర్వాత పీఎఫ్ఎమ్‌లోనే చేరాడు. ఆరెయా మాత్రం భాష మార్చుకోలేదు. 1974లో కమ్యూనిస్టులు, కార్మికులు పాడుకునే 'ఇంటర్నేషనల్' గీతాన్ని సింగిల్‌గా విడుదల చేసింది. వామపక్ష పండుగల్లో వాయించింది. ఏ పెద్ద కంపెనీ అయినా అలాంటి బ్యాండ్‌ను నెత్తిన పెట్టుకుని అమెరికాలో అమ్ముతుందా? పీఎఫ్ఎమ్‌ను తప్పుపట్టను, వాళ్లూ గొప్ప సంగీతకారులే. కానీ మనం విన్న ఇటలీ ఎంతసేపూ ఇంగ్లిష్ జల్లెడలోంచి దిగిన ఇటలీయే.

ఇక అసలు సంగతి, ఆ గొంతు. స్ట్రాటోస్‌కు అప్పుడే ఒక కూతురు పుట్టింది. మాటలు రాకముందు పసిపిల్ల నోటితో, నాలుకతో, ఊపిరితో ఎన్నెన్ని శబ్దాలు చేస్తుందో ఆయన దగ్గరుండి గమనించాడు. మాటలు నేర్చుకునే కొద్దీ ఆ శబ్దాలు ఒక్కొక్కటే పోతున్నాయి. ఆ పోయినవాటిని పెద్దవాడి గొంతులోకి మళ్లీ తెచ్చుకోవచ్చా అన్నదే ఆయన ప్రశ్న. ఆసియా గానపద్ధతుల మీద పడ్డాడు. మంగోలియా గాయకుల్లా అడుగున ఒక స్వరాన్ని పట్టి ఉంచి, నోటి లోపలి ఆకారం మారుస్తూ దానిపైన ఇంకో స్వరం పలికించడం సాధించాడు. రెండు స్వరాలతో ఆగలేదు, మూడో స్వరం దాకా వెళ్లాడు. 1974లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రాసిన 'మెసోస్టిక్స్' రచనను క్రాంప్స్ కోసం ఒంటి గొంతుతో రికార్డు చేశాడు. అక్కడ పాట అనదగ్గది ఏమీ లేదు, అక్షరాలు, ఊపిరి, విరుపులు తప్ప.

పాడువా విశ్వవిద్యాలయంలో ఫ్రాంకో ఫెర్రెరో అనే ధ్వనిశాస్త్రవేత్త ఆయన గొంతును పరికరాలతో పరిశీలించాడు. ఈలలా వినిపించే ఆ పై స్థాయి శబ్దాలు స్వరతంతులు మామూలుగా కంపించే తీరులో పుట్టడం లేదని తేలింది. ఇదేదో సర్కస్ ఫీట్ అనుకునేవాళ్లు ఆయన సోలో ఆల్బమ్‌లు 'మెట్రోదోరా' (1976), 'కంటారే లా వోచే' (1978) వినాలి. రెండో ఆల్బమ్‌లో 'ఫ్లావుతోఫోనియే' అనే భాగం ఉంది. ఎవరో పక్కన వేణువు ఊదుతున్నారనిపిస్తుంది. వేణువు లేదు, ఎలక్ట్రానిక్ ఎఫెక్టులూ లేవు, ఒక్క మనిషే. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

1979లో ఆయనకు అప్లాస్టిక్ ఎనీమియా అని తేలింది. ఎముకల మజ్జ రక్తకణాలను తయారుచేయడం మానేసే జబ్బు అది. చికిత్స కోసం న్యూయార్క్ తీసుకెళ్లారు. ఖర్చు భరించడానికి తోటి సంగీతకారులు జూన్ 14న మిలాన్ అరేనాలో పెద్ద కచేరీ పెట్టారు. అంతకు ఒక్కరోజు ముందు, జూన్ 13న స్ట్రాటోస్ న్యూయార్క్‌లో చనిపోయాడు. వయసు 34. సాయం కోసం అనుకున్న కచేరీ సంతాప సభ అయింది. దాదాపు 60 వేల మంది వచ్చారని చెబుతారు. ఫ్రాంచెస్కో గుచ్చీనీ, ఆంతొనెల్లో వెందీత్తీ లాంటి పేరున్న గాయకులు పాడారు. ఆరెయా వాయించింది, తన గాయకుడు లేకుండా.

ఆయన లేని ఆరెయా ఎక్కువ కాలం నిలవలేదు. గిటారిస్ట్ పాఓలో తొఫానీ అప్పటికే బ్యాండ్ వదిలి హరే కృష్ణ భక్తుల్లో చేరిపోయాడు. ఆరెయా ఎల్పీలు ఇటలీ బయట చాలాకాలం రికార్డులు సేకరించేవాళ్ల దగ్గర మాత్రమే తిరిగాయి.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇవి దొరకడం కష్టం కాదు. కొత్తగా వినేవాళ్లు 1975 నాటి 'క్రాక్!' ఆల్బమ్‌లోని 'జొయా ఎ రివొలుత్సియోనే'తో మొదలుపెట్టండి. గిటార్ నడక తేలిగ్గా ఉంటుంది, పాట వెంటనే పట్టుబడుతుంది. అది నచ్చితే 1973 ఆల్బమ్ మొత్తం వినండి. సోలో ఆల్బమ్‌లు ఆ తర్వాతే. వాటిని మాత్రం ఫోన్ స్పీకర్లో పెట్టకండి, హెడ్‌ఫోన్స్ కావాలి. అడుగు స్వరం మీద పై స్వరం ఎక్కే చోటు ఫోన్ స్పీకర్లో సగం పోతుంది.