క్రికెట్ తగాదా నుంచి పల్లె రేడియో దాకా

ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూర్‌లో దళిత మహిళల ‘సంఘం రేడియో’ 2008 అక్టోబరు 15న మొదలైంది. ప్రసార వేళ రాత్రి ఏడు నుంచి తొమ్మిది. పొలం నుంచి వచ్చి, వంట ముగించి, పొయ్యి ఆర్పాక వినేవాళ్ల కోసం పెట్టుకున్న వేళ అది. ఆ రెండు గంటల కోసం ఎన్నేళ్లు ఎదురుచూశారో తెలుసుకోవాలంటే, విచిత్రంగా, క్రికెట్ దగ్గర మొదలుపెట్టాలి.

1993లో హీరో కప్ మ్యాచ్‌ల ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. దూరదర్శన్‌తో తగాదా వచ్చింది, అది సుప్రీంకోర్టుకెక్కింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పుణ్యమా అని అప్పటిదాకా ప్రసార తరంగాలన్నీ సర్కారు చేతిలోనే ఉండేవి. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిల ధర్మాసనం 1995 ఫిబ్రవరిలో ఆ సర్కారు గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. వాటి అజమాయిషీకి స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేయమంది.

ప్రజల ఆస్తి అన్నారే గానీ, తలుపు ముందుగా తెరుచుకున్నది లైసెన్సుల వేలంపాటలో కూర్చోగలిగినవాళ్లకు. 2001లో నగరాల్లో ప్రైవేటు ఎఫ్ఎం మోగింది. పల్లెలకు పిలుపే లేదు.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి పనిచేస్తోంది. దాని అండతో జొన్న, కొర్ర, సామ పండించే ఆడవాళ్లు ఊరూరా సంఘాలు కట్టుకున్నారు. విత్తనం దాచడం వాళ్లకు కొట్టినపిండి. ఉన్న రేడియోలో వినపడే భాష తమది కాదు, చెప్పే సేద్యమూ తమది కాదు. అందుకే సొంత రేడియో అడిగారు. యునెస్కో సాయంతో 1990ల చివరికే మాచునూర్‌లో స్టూడియో లేచింది. మైకు వచ్చింది, అనుమతి మాత్రం రాలేదు. సంఘం ఆడవాళ్లు అల్గోల్ నర్సమ్మ, ‘జనరల్’ నర్సమ్మ పాటలూ పంటల ముచ్చట్లూ రికార్డు చేసేవారు. ఆ క్యాసెట్లను సంఘం సమావేశాలకు పట్టుకెళ్లి టేప్‌రికార్డర్‌లో వినిపించేవారు. గాలిలో వెళ్లాల్సిన గొంతు అలా సంచిలో ప్రయాణం చేసింది.

సామాజిక రేడియో, అంటే స్థానికులే తమ కోసం నడుపుకునే రేడియో, కోరేవారంతా 2000లో పస్తాపూర్‌లోనే సమావేశమై ఒక ప్రకటన చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం కాస్త మెత్తబడి, విద్యాసంస్థలకు అవకాశమిచ్చింది. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం రేడియో 2004లో మోగింది. కళాశాలకు ఇవ్వగలిగిన నమ్మకాన్ని చదువురాని రైతుకు ఇవ్వడానికి ఢిల్లీకి మరో రెండేళ్లు పట్టింది. స్వచ్ఛంద సంస్థలనూ అనుమతించే విధానం 2006 నవంబరులో వచ్చింది. తీర్పు వచ్చిన పదమూడేళ్లకు, 90.4 మెగాహెర్ట్జ్‌పై మాచునూర్ గొంతు విప్పింది. దాన్ని ప్రారంభించింది ఎవరో కాదు, ఆనాటి ధర్మాసనంలోని జస్టిస్ సావంతే.

గాలి దక్కినా ఒక గడి ఖాళీగానే మిగిలింది. సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేదు. ఆకాశవాణి వార్తలు కావాలంటే ఉన్నవి ఉన్నట్టు వినిపించుకోవచ్చు. కొర్రలు ఎలా విత్తాలో చెప్పొచ్చు గానీ, ఊళ్లో నిన్న జరిగిన సంగతిని వార్తగా చదవకూడదన్నమాట.